గుండు, జ్వరం, దొంగ సంతకం

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో చిన్న పట్నం. మా బాబు తొమ్మిదో తరగతి. మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ సాయంత్రం ఆవిడ పక్కన కూర్చుని దీపం పెట్టేవాడు, శ్లోకాలు చెప్పేవాడు. ఆవిడ పోయి రెండేళ్ళు కావస్తోంది. ఇప్పుడు దేవుడి గది వైపే వెళ్ళడు. డిసెంబరులో తిరుమల తీసుకెళ్ళి, ఆవిడ మొక్కుకున్న ప్రకారం తలనీలాలు ఇప్పించాం (బడికి జ్వరమని లీవ్ లెటర్ రాసిచ్చాం). వచ్చినప్పటి నుంచి గుడి పేరెత్తితే చిరాకు. మొన్న లెక్కల్లో మార్కులు తగ్గితే ప్రోగ్రెస్ కార్డు మీద వాళ్ళ నాన్న సంతకం వాడే పెట్టేసుకున్నాడు. ఇంట్లో మేమెవరం అబద్ధాలు నేర్పలేదు. పోయినసారి మార్కులు తగ్గినప్పుడు మావారు నెల రోజులు క్రికెట్ మాన్పించారు, అయినా భయం లేదు. భజనలు, ధ్యానం ఉండే హాస్టల్ స్కూల్లో వేస్తే దారికొస్తాడని మావారి పట్టు. వెయ్యమంటారా?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు బ్రాకెట్లో రాసిన వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను.

జ్వరమని సెలవు పెట్టిన పిల్లాడు నున్నటి గుండుతో క్లాసులో అడుగుపెట్టాడు. "జ్వరం తగ్గిందా నాయనా?" అని టీచరు అడిగే ఉంటారు. వెనక బెంచీలు ఎంత నవ్వి ఉంటాయో ఊహించుకోండి. ఆ వయసులో గుండే పెద్ద పరీక్ష, దాని మీద అబద్ధం దొరికిపోవడం. ఆ అబద్ధం వాడిది కూడా కాదు. గుడి మీద చిరాకు అక్కడ మొదలై ఉంటుందని నా అనుమానం. అనుమానమే సుమా, అసలు సంగతి వాణ్ణే అడగండి.

అబద్ధాలు నేర్పలేదన్నారు. ఎవరమూ కూర్చోబెట్టి నేర్పం. చీటీ డబ్బుల కోసం వచ్చినావిడతో "నాన్న ఊళ్ళో లేరని చెప్పు" అంటాం. ఆర్టీసీలో పన్నెండు దాటితే ఫుల్ టికెట్టని తెలిసీ, పదమూడేళ్ళ వాణ్ణి పక్కన పెట్టుకుని "పదకొండేనండీ, హాఫ్ కొట్టండి" అంటాం. మీ ఇంట్లో జరిగాయని కాదు, మా ఇంట్లో జరిగాయి. మీరు రాసిన లీవ్ లెటరూ, వాడు పెట్టిన సంతకమూ పిల్లాడి లెక్కలో ఒకటే పని. అవసరం పడింది, కాగితం మీద రాసేశాం. పైగా మీరు దేవుడి పని కోసం రాశారు, వాడు తిట్లు తప్పించుకోవడానికి రాసుకున్నాడు.

భయం లేదంటున్నారు గానీ, భయం ఉండబట్టే కదా సంతకం పెట్టుకున్నాడు! నిజం చెప్తే నెల రోజులు క్రికెట్ పోతుంది, దాస్తే దొరక్కపోవచ్చు. ఈ బేరంలో పెద్దవాళ్ళమైనా రెండోదే ఎంచుకుంటాం. మీవారు ఒక్క మాట ఇవ్వాలి: కార్డు తెచ్చి చూపించిన రోజు, మార్కులు ఎన్నున్నా సరే, అరవడం ఉండదు. ఏ లెక్క దగ్గర ఆగిపోయాడో కలిసి చూస్తారు. ఒకటి రెండుసార్లు ఆయన పళ్ళు బిగబట్టుకోవాల్సి వస్తుంది. తప్పదు.

ఇక హాస్టల్. మన రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదు. ప్రైవేటు బడి అయినా, ప్రభుత్వ గుర్తింపు ఉంటే పిల్లల్ని ప్రార్థనలో కూర్చోబెట్టడానికి పెద్దవాళ్ళ అనుమతి కావాలి. ఆ అనుమతి మీరు ఇవ్వగలరు. ఇష్టం మాత్రం వాడి దగ్గరే ఉంది. తప్పు చేసినందుకు అక్కడ వేస్తే భజన వాడికి శిక్షలాగే వినిపిస్తుంది, గుండు లాగే.

అలాంటి బడులు చెడ్డవని అనను. మదనపల్లె దగ్గర రిషీ వ్యాలీలో, జిడ్డు కృష్ణమూర్తి పెట్టిన బడిలో, సాయంత్రం పిల్లలంతా చేరి పొద్దు గుంకడం చూస్తూ మౌనంగా కూర్చునే అలవాటుంది. అస్తాచల్ అంటారు. ఉపన్యాసం ఉండదు, అప్పజెప్పడం ఉండదు. నాకు నచ్చిన పద్ధతి. మీవారు చూసిన స్కూలు ఎలాంటిదో నాకు తెలియదు గనక, వార్షికోత్సవం రోజున కాకుండా మామూలు రోజున వెళ్ళండి. మెస్‌లో పిల్లలతో పాటు తినండి. "ఇక్కడ కాపీ కొట్టి దొరికిన పిల్లాణ్ణి ఏం చేస్తారు?" అని వార్డెన్‌ని అడగండి. బ్రోషర్లో లేనిది ఆ జవాబులో దొరుకుతుంది.

ఇంకొకటి. వాడు దీపం మానేశాడని రాశారు. నాకేమో వాడికి దీపం అంటే నానమ్మ అనిపిస్తోంది. ఆవిడ వెళ్ళిపోయాక వాడి పక్కన ఎవరు కూర్చున్నారు? మీరు రమ్మని పిలవకండి. రోజూ ఆ వేళకి ఫోన్ అవతల పెట్టి, ఆవిడ వాడిన కుందిలోనే వత్తి వేసి, పది నిమిషాలు అక్కడే కూర్చోండి. వస్తే రానివ్వండి, రాకపోతే ఎందుకు రాలేదని అడక్కండి. ఈసారి ఆవిడ తిథికి అన్నం పెట్టినప్పుడు వడ్డన వాడికి అప్పగించండి. ఆవిడకి ఏ కూర ఇష్టమో మీకన్నా వాడికే బాగా గుర్తుండొచ్చు.

సంతకం సంగతి వాడు టీచరుకి చెప్పుకోవాలి, అందులో సందేహం లేదు. కానీ ముందు మీ వంతు. మీరిద్దరూ వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి, "డిసెంబరులో వీడికి జ్వరం రాలేదండీ, తిరుమల వెళ్ళాం, అబద్ధం రాశాం" అని చెప్పండి. టీచరు నవ్వేసి పంపినా సరే, ఆ మాట వాడి ఎదురుగానే అనండి. హాస్టల్ మాట వేసవి సెలవుల దాకా ఇంట్లో ఎత్తకండి.