గిటారు దాచితే బ్యాక్‌లు క్లియరవుతాయా?

ప్రశ్న: మాది బరంపురం, బట్టల దుకాణం. మా అబ్బాయి ఇక్కడే బీపీయూటీ (బిజూ పట్నాయక్ టెక్నాలజీ యూనివర్సిటీ) కింద ఉన్న కాలేజీలో బీటెక్ ఎలక్ట్రికల్ మూడో సంవత్సరం. ప్లస్ టూ దాకా క్లాసులో ముందుండేవాడు. ఇప్పుడు నాలుగు బ్యాక్‌లు, అంటే తప్పిన పేపర్లు, ఉన్నాయని తనే చెప్పాడు. ముగ్గురు స్నేహితులతో కలిసి హార్డ్‌కోర్ పంక్ అనే ఒక రకం రాక్ సంగీతం వాయించే బ్యాండు పెట్టాడు. వీడు బేస్ గిటారు. తెలుగు, ఒడియా కలిపి పాటలు రాస్తారట, నాకైతే అరుపులే వినిపించాయి. భువనేశ్వర్‌లో, విశాఖలో వాయించారు, పేరొస్తోంది అంటాడు. ఏడాది కాలేజీ ఆపేసి బ్యాండు మీదే ఉంటానని అడుగుతున్నాడు. మా బావమరిది వీడియో చూసి, "ఇది మనవాడేనా బావా? చేతి మీద ఆ నల్ల ఇంటూ గుర్తేమిటి, ఏ ముఠాది?" అని ఫోన్ చేశాడు. తలెత్తుకోలేకపోయాను. గిటారు ఇచ్ఛాపురంలో మా అక్కగారింట్లో పెట్టించాను. అప్పట్నుంచి నాతో మాట్లాడడం లేదు. ఎలాగూ సంగీతమే అంటున్నాడని చెన్నైలో ఏడాది సౌండ్ ఇంజనీరింగ్ కోర్సుకి 25 వేలు కట్టి సీటు ఆపించాను. మొత్తం ఫీజు 6 లక్షలు. బీటెక్ కొనసాగించడమా, ఏడాది ఆపడమా, ఆ కోర్సా? మూడూ పోల్చి చెప్పండి మేడం.

జవాబు: పోల్చి చెప్తాను గానీ కాస్త ఆగండి. ఇలాంటి ఉత్తరాలు నాకు బరంపురం నుంచీ, పర్లాకిమిడి నుంచీ, రాయగడ నుంచీ వస్తూనే ఉంటాయి. ఒకరు క్రికెట్ అంటారు, ఒకరు షార్ట్ ఫిల్ములంటారు, మీరు హార్డ్‌కోర్ అన్నారు. అందరూ అడిగేది కోర్సుల సంగతే. అడగడానికి నోరు రానిది మాత్రం ఒకటే ప్రశ్న: పిల్లాడు చెయ్యి దాటిపోయాడా?

పోలేదండీ. చెయ్యి దాటినవాడు ఏడాది ఆగుతానని తండ్రినడగడు. పొద్దున్నే బ్యాగు తగిలించుకుని కాలేజీకని బయల్దేరి ఎక్కడో తేలతాడు, ఆ సంగతి ఇంట్లోవాళ్లకి రిజల్ట్స్ వచ్చినరోజు తెలుస్తుంది. మీవాడు ఎదురుగా నిలబడి అడిగాడు. బ్యాక్‌లున్నాయని కూడా తనే చెప్పాడు. ఇలాంటి పిల్లాడి గురించి రాత్రిళ్లు నిద్ర మానుకోనక్కర్లేదు.

ఇక ఆ ఇంటూ గుర్తు. అమెరికా క్లబ్బుల్లో మైనర్ పిల్లలకు మందు పోయకూడదని గుర్తుగా చేతి మీద నల్ల మార్కరుతో ఇంటూ గీసేవారు. 1980ల మొదట్లో వాషింగ్టన్‌లోని హార్డ్‌కోర్ కుర్రాళ్లు దాన్నే తమ గుర్తుగా చేసుకున్నారు. మందు ముట్టం, సిగరెట్టు ముట్టం, మత్తు జోలికి పోం అని దానర్థం. 'స్ట్రెయిట్ ఎడ్జ్' అంటారు. మైనర్ థ్రెట్ అనే బ్యాండు పాట ఒకటి దానికి ఆ పేరు తెచ్చింది. మీ బావమరిది ముఠా గుర్తనుకున్నది, మీరు తలదించుకున్నది దీన్ని చూసి. గీసుకున్న ప్రతివాడూ పాటిస్తాడని నేను పూచీ ఉండను. అడిగి చూడండి, ఇంట్లో మాట కలపడానికి ఇంతకంటే మంచి అవకాశం దొరకదు.

వీడియోలో జనం ఒకరి మీద ఒకరు పడి గెంతడం కూడా మిమ్మల్ని బెదరగొట్టే ఉంటుంది. ఠాకురాణి యాత్రలో వేషాలేసుకుని డప్పులకి ఊగిపోయే కుర్రాళ్లని చూస్తూ పెరిగిన ఊరండీ మనది. అక్కడలాగే ఇక్కడా ఎవరైనా పడితే పక్కవాళ్లు చెయ్యిచ్చి లేపాలనేది వాళ్లలో వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు.

డబ్బు సంగతికొద్దాం, మీకూ మీవాడికీ ఇద్దరికీ చెప్పాల్సింది ఇక్కడుంది. హార్డ్‌కోర్ పుట్టినచోటే దానితో ఇల్లు గడిచినవాళ్లు బహు తక్కువ. కంపెనీలు తమ పాటలు తీసుకోవని తెలిసే వాళ్లు సొంతంగా రికార్డులు వేసుకున్నారు. మైనర్ థ్రెట్‌లో పాడిన ఇయాన్ మకాయ్, డ్రమ్స్ వాయించిన జెఫ్ నెల్సన్ 1980లో డిస్‌కార్డ్ అనే రికార్డు కంపెనీ పెట్టిన మొదటి రోజుల్లో రికార్డుల అట్టలు కూడా చేత్తోనే మడిచి అంటించుకున్నారు. 1981లో బ్లాక్ ఫ్లాగ్ అనే హార్డ్‌కోర్ బ్యాండులో గాయకుడిగా చేరేదాకా హెన్రీ రోలిన్స్ ఐస్‌క్రీం దుకాణంలో మేనేజరు. మన దగ్గర లెక్క వేయండి: చిన్న హాలు, 100 మంది, టికెట్టు 200 అనుకుంటే వచ్చేది 20 వేలు. అందులో హాలు అద్దె, సౌండు అద్దె పోవాలి. మిగిలింది ఆ రాత్రి వాయించిన నాలుగైదు బ్యాండ్లు పంచుకోవాలి. విశాఖ రానూపోనూ రైలు ఖర్చులు గిట్టుబాటయితే ఆ రోజు బాగా గడిచినట్టే. "మన ఢిల్లీ బ్యాండు బ్లడీవుడ్ వాళ్లని చూడండి, జర్మనీలో వాకెన్ సంగీతోత్సవం దాకా వెళ్లారు" అంటాడు మీవాడు. నిజమే, 2019లో వెళ్లారు. ఆ బ్యాండు పెట్టిన కరణ్ కటియార్ అంతకుముందు కార్పొరేట్ లాయరు. చదువు పూర్తిచేసి, ఉద్యోగం చేసి, ఆ తర్వాత దిగాడు.

హార్డ్‌కోర్‌లోనే ఇంకా దగ్గరి మనుషులున్నారు. డిసెండెంట్స్ అనే బ్యాండు గాయకుడు మైలో ఆకర్‌మన్ కాలేజీ కోసం బ్యాండుని పక్కన పెట్టి వెళ్లాడు, జీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేశాడు, డ్యూపాంట్ కంపెనీలో ఏళ్ల తరబడి శాస్త్రవేత్తగా పనిచేస్తూ మధ్యమధ్య వచ్చి పాడాడు. బ్యాడ్ రిలిజియన్ బ్యాండు గాయకుడు గ్రెగ్ గ్రాఫిన్ కార్నెల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసి యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు. పంక్ వాయిస్తే పీహెచ్‌డీ వస్తుందని కాదు లెండి. ఈ సంగీతం మనిషి రోజంతా తనకే కావాలనదు, అంతవరకే నా మాట. పాట నిమిషం, రెండు నిమిషాలు. స్టేజీ మీద ఉండేది ఇరవై పాతిక నిమిషాలు. షోలు చాలావరకు శని, ఆదివారాలు. వారానికి రెండు సాయంత్రాలు ప్రాక్టీసు చేసే బ్యాండుకి ఏడాది ఖాళీ ఎందుకో మీవాణ్ణే కాగితం మీద రాయమనండి. నాకు తెలిసి సగం పేజీ కూడా నిండదు.

అందుకే ఏడాది ఆపడం వద్దంటాను. ఆగినవాడు తిరిగొచ్చేసరికి తోటివాళ్లు వెళ్లిపోతారు, జూనియర్ల పక్కన కూర్చోవాలి, ఆ మొహమాటంతో కాలేజీ మానేసిన పిల్లల్ని చూశాను. ఒక్క సందర్భంలో నా మాట మారుతుంది: కాలేజీ పేరెత్తితే నిద్రపట్టడం లేదు, తిండి సయించడం లేదు, స్నేహితుల దగ్గరికి కూడా పోవడం లేదు అంటే డాక్టర్ని కలవండి, అప్పుడు విరామానికి అర్థముంటుంది. మీ ఉత్తరంలో ఆ ఛాయలు లేవు.

ఇప్పుడు మీతో కొంచెం కటువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. నాలుగు బ్యాక్‌లున్నాయన్నారు. అవి ఏ ఏ సెమిస్టర్లవో చూశారా? మార్కుల షీట్లు బయటికి తీసి, బ్యాండు మొదలైన నెల పక్కన పెట్టి చూడండి. మొదటి ఏడాది లెక్కలపేపరో, నెట్‌వర్క్ థియరీయో అందులో ఉంటే ఆ నేరం గిటారుది కాదు. గిటారు ఇచ్ఛాపురం పంపినంత మాత్రాన నెట్‌వర్క్ థియరీ పాసవ్వదు. ట్యూషన్ పెట్టించాల్సిన చోట మీరు గిటారు దాచారు. ఇంకొకటి. మీ ఉత్తరంలో మీ బావమరిది ఏమన్నాడో అక్షరం పొల్లుపోకుండా ఉంది. మీ అబ్బాయి ఏం పాట రాశాడో ఒక్క ముక్క లేదు. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, శ్రీకాకుళం చుట్టాల దగ్గరికెళ్తే "మీ తెలుగు అదోలా ఉంటుందిరా" అనే మాట, ఇవన్నీ పడి పెరిగిన పిల్లాడు రెండు భాషలూ కలిపి పాట కట్టాడంటే అందులో మీ ఇల్లు కూడా ఉండే ఉంటుంది. కాగితం మీద రాసిమ్మని అడిగి చదవండి. నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి, తప్పులేదు.

చివరికి ఆ కోర్సు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీవాడు దాన్ని అడిగినట్టు ఎక్కడా లేదు. అది మీ ఆలోచన. బ్యాండు అంటే చుట్టాలకి చెప్పుకోలేరు, "మావాడు చెన్నైలో సౌండ్ ఇంజనీరింగ్" అంటే చెప్పుకోవచ్చు. 6 లక్షలు ఆ వాక్యానికి పెడుతున్నారు. మామూలు కాలంలో మీకీ మాట అనేదాన్ని కాదు, కానీ ఈ కోర్సుల మోజు మూడు నాలుగేళ్లుగా మరీ ఎక్కువైంది. ప్రతి ఊళ్లోనూ బ్రోషరు పట్టుకుని తిరుగుతున్నారు. వాటిలో మంచివి లేవనను. అయితే నా దగ్గరికి తిరిగొచ్చిన పిల్లలు చెప్పేది ఒకటే తీరు: ఎక్కువభాగం సాఫ్ట్‌వేరు నేర్పారు, స్టూడియో బల్ల ముందు కూర్చునే వంతు ఎప్పుడో గానీ రాలేదు, 'ప్లేస్‌మెంట్ సాయం' అంటే ఏదో స్టూడియోలో జీతం లేని ఇంటర్న్‌షిప్. సాఫ్ట్‌వేరే కావాలంటే రీపర్ అనేది 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు, సొంతానికి లైసెన్సు 60 డాలర్లు. లైవ్ సౌండు నేర్చుకోవాలంటే మన మైకుసెట్టు వాళ్లున్నారు కదా. పెళ్లిళ్ల సీజన్లో మంచివాడొకడి వెంట పంపండి. బాక్సులు ఎక్కడ పెడితే మైకు కూత పెట్టదు, కరెంటు పోయి వస్తే ముందు ఏది ఆపాలి, ఎర్తింగు లేని పందిట్లో బాక్సుల్లోంచి హమ్ అనే గుయ్యిమనే మోత ఎందుకొస్తుంది, ఇవి బ్రోషర్లలో ఉండవు. ఎలక్ట్రికల్ చదివేవాడికి ఆ హమ్ సంగతి ఇట్టే తెలుస్తుంది, పాఠం మీద ఆసక్తి కూడా అక్కడే పుట్టొచ్చు.

ఇదంతా అయ్యాక కూడా శబ్దమే తన వృత్తి అంటే అప్పుడు ప్రభుత్వ సంస్థలు చూద్దాం. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలోనూ, కోల్‌కతా సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ సౌండు కోర్సులకి డిగ్రీ అడుగుతారు. అంటే ఆ తలుపు తెరవాలన్నా ముందీ బీటెక్ అవ్వాలి. కటక్‌లో బిజూ పట్నాయక్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో సౌండు డిప్లొమా ఉంది గానీ, మూడో ఏడాదిలో ఉన్నవాణ్ణి అటు మళ్లించమని నేను చెప్పను.

గిటారు తెప్పించేటప్పుడు ఒక షరతు పెట్టండి, మార్కుల మీద కాదు, చెవుల మీద. తలుపులు మూసిన గదిలో డ్రమ్స్, ఆంప్లిఫయర్లు కలిస్తే 100 డెసిబెల్స్ దాటడం మామూలే. ఆ స్థాయిలో రోజుకి 15 నిమిషాలు మించకూడదని అమెరికాలో వృత్తి ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు చాలు. ప్రాక్టీసు గది గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించి ఉంటే పీకించేయండి. అవి బయటికి పోయే చప్పుడు ఆపవు, నిప్పు మాత్రం గబుక్కున అంటుకుంటుంది.

ఆ 25 వేల సంగతి ఇవాళే చూడండి. ఫోన్లో అడిగితే "సార్ మీటింగులో ఉన్నారు" అంటారు. ఈమెయిల్లో రాయండి: కోర్సు మొదలవలేదు, చేరడం లేదు, కట్టిన సొమ్ము తిరిగివ్వండి అని, రసీదు ఫోటో జతచేసి. మొత్తం రాకపోవచ్చు, కొంత పట్టుకుని మిగతాది ఇవ్వొచ్చు. వచ్చినదాంట్లోంచి ఆ నాలుగు పేపర్లకీ ట్యూషన్ మాట్లాడండి. ఏ మాస్టారైతే బాగుంటుందో మీవాణ్ణే అడగండి, కాలేజీలో ఎవరు బాగా చెప్తారో వాళ్లకే తెలుస్తుంది.