డాక్టర్ సలహా: జుట్టు సంగతి తర్వాత, ముందు ఆ మాత్రల లెక్క చెప్పండి

ప్రశ్న: నా వయసు 26. తిరుపతిలో ప్రైవేటు ఉద్యోగం, లేడీస్ హాస్టల్లో ఉంటాను. ఇక్కడ బోరు నీళ్లు బాగా ఉప్పన. బకెట్ అంచున తెల్లగా పేరుకుంటుంది. నాలుగైదు నెలలుగా జుట్టు విపరీతంగా రాలుతోంది. షవర్ ఫిల్టర్ కొని బిగించాను, బయోటిన్ గమ్మీలు తింటున్నాను, లాభం లేదు. రోజంతా కంప్యూటర్ ముందే పని కాబట్టి వారంలో నాలుగైదు రోజులు తలనొప్పి ఉంటుంది. మెడికల్ షాపులో మాత్ర తెచ్చుకుని, దాంతోపాటే గ్యాస్ మాత్ర కూడా వేసుకుంటాను. ఊరినుంచి చుట్టాలు దర్శనానికి వచ్చినప్పుడల్లా నేనూ కొండకు వెళ్లాలి. డేటు అడ్డం వస్తే వాయిదా మాత్రలు వాడతాను. పోయిన ఏడాది శ్రీవారి మెట్టు ఆగకుండా ఎక్కాను. ఈసారి సగం కూడా ఎక్కకముందే ఆయాసంతో కూర్చుండిపోయాను. జుట్టుకు మంచి షాంపూ, నూనె చెప్పండి. హాస్టల్ మారితే తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీరు షాంపూ గురించి అడిగారు. దానికి కింద జవాబిస్తాను. ముందు మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆయాసం గురించి మాట్లాడాలి. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లున్నాయి. ఎక్కడం ఎవరికైనా శ్రమే. కానీ పోయిన ఏడాది ఆగకుండా ఎక్కిన 26 ఏళ్ల మనిషి ఈసారి సగంలో కూలబడితే, అలవాటు తప్పిందని సరిపెట్టుకోకూడదు. జుట్టు రాలడం, తలనొప్పి, ఆయాసం మూడూ కలిసి కనిపించినప్పుడు మేము మొదట అనుమానించేది రక్తహీనత. థైరాయిడ్, ఆస్తమా, గుండె సమస్యలు ఆ తర్వాత వస్తాయి. మిమ్మల్ని చూడకుండా ఇదేనని చెప్పలేను. రక్తపరీక్ష మాత్రం ఈ వారంలోనే చేయించుకోండి.

అంతకన్నా ముందు ఒక ప్రశ్న. ఈ ఆయాసం నెలసరి వాయిదా మాత్రలు వాడిన రోజుల్లో గానీ, ఆపిన రెండు మూడు వారాల్లో గానీ మొదలైందా? ఒక కాలి పిక్క వాచిందా, నొక్కితే నొప్పిగా ఉందా? గాలి పీల్చినప్పుడు ఛాతీలో గుచ్చినట్టు ఉంటుందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగతా జవాబు తర్వాత చదవండి. ఇప్పుడే రుయాకో స్విమ్స్‌కో, దగ్గర్లో ఏది ఉంటే ఆ ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లి, ఆ మాత్రలు వాడిన సంగతి చెప్పండి. కాలి సిరలో కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరితే ఆయాసం ఇలాగే మొదలవుతుంది. మీ వయసులో అది అరుదే. కానీ తప్పిపోతే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి అడగక తప్పదు.

అవేవీ లేకపోతే మాత్రల లెక్కకు వద్దాం. వారానికి నాలుగైదు రోజులంటే నెలకు పదహారు నుంచి ఇరవై రోజులు. పారాసెటమాల్, ఐబూప్రొఫెన్ లాంటి మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెప్పించడం మొదలుపెడతాయి. రెండు మూడు మందులు కలిపిన మాత్రలకు, కెఫీన్ చేర్చిన తలనొప్పి మాత్రలకు ఆ హద్దు 10 రోజులే. మైగ్రేన్ కోసం ఇచ్చే ట్రిప్టాన్లకూ అంతే. మందు ప్రభావం తగ్గగానే తల మళ్లీ పట్టేస్తుంది, మళ్లీ మాత్ర పడుతుంది. మీ తలనొప్పికి కంప్యూటర్ కొంత కారణం కావచ్చు. అద్దాలు అవసరమేమో కళ్లు చూపించుకోండి, బీపీ కూడా ఒకసారి కొలిపించుకోండి. కానీ వారానికి నాలుగైదు రోజులు వచ్చే తలనొప్పికి తెరను మాత్రమే తప్పు పట్టడం కుదరదు.

మీరు వేసుకుంటున్న మాత్ర పేరు రాయలేదు. చాలామందికి తెలియదు కూడా. షాపులో స్ట్రిప్పు నుంచి రెండు మాత్రలు కత్తిరించి చేతిలో పెడతారు, పేరూ గడువు తేదీ రెండూ అవతలి ముక్కలోనే ఉండిపోతాయి. కాంబిఫ్లామ్‌లో ఐబూప్రొఫెన్ 400 మి.గ్రా., పారాసెటమాల్ 325 మి.గ్రా. ఉంటాయి. డోలో 650 అంటే 650 మి.గ్రా. పారాసెటమాల్. జలుబు మాత్రల్లో చాలావాటిలోనూ పారాసెటమాల్ ఉంటుంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఇంకోటి, రాత్రి జలుబుకని మరోటి వేసుకుంటే పేర్లు మూడైనా లోపలికి వెళ్లేది ఒకే మందు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు అన్నీ కలిపి రోజుకు 4 గ్రాములు దాటకూడదు. బరువు తక్కువైనా, మద్యం అలవాటున్నా, తిండి సరిగా లేకున్నా ఆ హద్దు ఇంకా తగ్గుతుంది. దాటితే దెబ్బ తినేది కాలేయం. ఇకపై షాపువాళ్లు కత్తిరించేలోపే స్ట్రిప్పు రెండువైపులా ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఇప్పుడు ఆ నొప్పి మాత్రలకూ మీ జుట్టుకూ ఉన్న సంబంధం చూడండి. ఐబూప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ నొప్పిని తగ్గించే దారిలోనే జీర్ణాశయపు లోపలి పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను కూడా తగ్గిస్తాయి. పొర పలచబడి, అక్కడక్కడా పుండ్లు పడి, రక్తం కొద్దికొద్దిగా కారుతుంది. కంటికి కనిపించదు, నొప్పీ ఉండకపోవచ్చు. నెలల తరబడి అలా పోతే ఒంట్లోని ఐరన్ నిల్వ ఖాళీ అవుతుంది. ఐరన్ తగ్గితే ఒళ్లు ముందుగా ఖర్చు తగ్గించుకునేది జుట్టు మీద. దీనికి తోడు నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందా అన్నది మీరు రాయలేదు. ఏడు రోజులు దాటడం, గంటా రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోవడం, గడ్డలు పడటం ఉంటే డాక్టరుకు విడిగా చెప్పండి. మీ వయసు ఆడవాళ్లలో రక్తహీనతకు ఎక్కువగా కనిపించే కారణాల్లో అదొకటి.

గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాను కదా అంటారు. మీరు వాడేది పాంటాప్రజోల్ అయితే అది పనిచేయాలంటే టిఫిన్‌కు అరగంట నుంచి గంట ముందు, పరగడుపున వేసుకోవాలి. తిన్నాక నొప్పి మాత్రతో కలిపి మింగితే సగం వృథా. సరిగ్గా వాడినా అది కాపాడేది జీర్ణాశయాన్ని, చిన్న పేగు మొదటి భాగాన్నే, మిగతా పేగును కాదు. పైగా నెలల తరబడి వాడితే ఐరన్, బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. అంటే ఒక మాత్ర వల్ల రక్తం పోతుంటే, రెండోది ఆ లోటు పూడకుండా అడ్డుపడుతోందన్నమాట. చాలా నెలలుగా రోజూ వేసుకుంటూ ఒక్కసారిగా మానేస్తే కొన్ని వారాలు మంట మునుపటికన్నా ఎక్కువ కావచ్చు. అది చూసి ఇక జీవితాంతం ఈ మాత్ర తప్పదని అనుకోకండి, ఎలా తగ్గించాలో డాక్టరును అడగండి.

వాయిదా మాత్రల గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. దర్శనం టికెట్ తేదీ, నెలసరి తేదీ ఒక్కటైనప్పుడు ఈ ఊళ్లో వాటి కోసం షాపుకు వెళ్లడం మామూలైపోయింది. ఎవరినీ తప్పు పట్టడం లేదు. మీ భక్తి, మీ ఇంటి పద్ధతి మీ ఇష్టం. నా బాధంతా అడగకుండా మింగడం గురించే. ఎక్కువగా అమ్ముడయ్యేది నోరెథిస్టిరాన్ 5 మి.గ్రా. డేటుకు మూడు రోజుల ముందు మొదలుపెట్టి రోజుకు మూడుసార్లు వేసుకోవాలి, ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. చుట్టాలు ముందురోజు ఫోన్ చేశాక మొదలుపెడితే సరిగా పనిచేయదు, మధ్యలో మరకలు కనిపిస్తాయి. వాయిదా పడి వచ్చిన నెలసరి ఎక్కువగా పోవచ్చు, రక్తహీనత ఉన్నవాళ్లకు అది అదనపు నష్టం. ఈ మందులో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది, గడ్డల భయం అక్కడి నుంచే. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో రక్తం గడ్డకట్టి ఉన్నా, తలనొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనిపించే రకం మైగ్రేన్ ఉన్నా, కాలేయ జబ్బున్నా వీటిని సొంతంగా వాడకూడదు. గర్భం లేదని తేల్చుకోకుండా అసలే వాడకూడదు. ఇవి ప్రిస్క్రిప్షన్ మీద ఇవ్వాల్సిన మందులు. పాంటాప్రజోల్, ఎసిక్లోఫెనాక్ కూడా అంతే. ఏడాదికి ఒకసారి తప్పనిసరి అయితే డాక్టరును అడిగి వాడొచ్చు. చుట్టాలు వచ్చినప్పుడల్లా అంటే మాత్రం కుదరదమ్మా. ఈసారికి వాళ్లను పంపి మీరు కింద ఉండండి.

పరీక్షలు ఇవి: సీబీసీ (రక్తకణాల లెక్క), పెరిఫెరల్ స్మియర్ (రక్తకణాలను మైక్రోస్కోప్‌లో చూడటం), ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), బి12, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు). నొప్పి మాత్రలు కిడ్నీలనూ దెబ్బతీస్తాయి, ఎండాకాలంలో నీళ్లు సరిగా తాగకుండా వాడితే ఇంకా త్వరగా. అందుకే చివరిది. మలంలో కంటికి కనపడని రక్తం ఉందేమో చూసే పరీక్ష కూడా డాక్టరు రాయవచ్చు. రక్తం ఇవ్వడానికి కనీసం మూడు రోజుల ముందు బయోటిన్ గమ్మీలు మానేయండి. అవి థైరాయిడ్ రిపోర్టును తారుమారు చేయవచ్చు, లేని జబ్బు ఉన్నట్టు చూపించవచ్చు. జ్వరం వచ్చి తగ్గిన వారంలో ఫెరిటిన్ చేయించకండి, నిల్వ తక్కువున్నా ఎక్కువ చూపిస్తుంది. జీర్ణాశయంలో పుండ్లు చేసే హెచ్. పైలోరి అనే క్రిమికి పరీక్ష రాస్తే గ్యాస్ మాత్ర రెండు వారాలు ఆపాలి, లేకుంటే ఉన్న క్రిమి లేదని వస్తుంది. ఆడవాళ్లలో హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనత. హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఫెరిటిన్ 30 కంటే తక్కువున్నా ఐరన్ నిల్వ తగ్గిందనే అర్థం. రిపోర్టు మీద నార్మల్ అని ఉంది కదా అని దాచేయకండి, ఫెరిటిన్ అంకె కూడా డాక్టరుకు చూపించండి.

పరీక్షకు ముందే ఐరన్ టానిక్ కొనకండి. కారణం తెలియకుండా మొదలుపెడితే, లోపల రక్తం పోతున్నా మలం నలుపు ఐరన్ వల్లే అనుకుని వదిలేస్తారు. డాక్టరు రాశాక మాత్రం ఇలా వాడండి: ఖాళీ కడుపున, నిమ్మరసం నీళ్లతో. కాఫీ, టీ, పాలకు గంట ముందు గానీ రెండు గంటల తర్వాత గానీ. గ్యాస్ మందుతో కలపకూడదు. వికారం చేస్తే రోజు విడిచి రోజు వేసుకున్నా బాగానే పడుతుంది. మూడు నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ ఒకటి రెండు గ్రాములు పెరగాలి. పెరగకపోతే మందు పడటం లేదు, లేదా రక్తం ఇంకా పోతూనే ఉంది. నార్మల్‌కు వచ్చాక మరో మూడు నెలలు కొనసాగించాలి. చాలామంది ఒంట్లో ఓపిక రాగానే ఆపేసి ఆరు నెలలకు మళ్లీ వస్తారు. సంగటి, మునగాకు, తోటకూర తినండి, మంచివే. మాంసాహారులైతే వారానికోసారి మేక కాలేయం ఇంకా మంచిది. కానీ నిల్వ ఖాళీ అయ్యాక తిండి ఒక్కదానితో పూడ్చడం కష్టం.

తలనొప్పి మాత్రలు ఆపే విషయం డాక్టరు సలహాతోనే. మామూలు నొప్పి మాత్రలైతే ఒక్కసారిగా ఆపొచ్చు. ట్రమడాల్, కోడీన్ లాంటి ఘాటైన నొప్పి మందులు గానీ, నిద్రమందు గానీ కలిసినవైతే మెల్లగా తగ్గించాలి. ఆపిన మొదటి రెండు నుంచి పది రోజులు తలనొప్పి పెరుగుతుంది, వికారం, చిరాకు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. అందరూ ఓడిపోయేది ఇక్కడే. ఆఫీసులో నెలాఖరు పని లేని వారం చూసుకుని ఆపండి. అవసరమైతే తలనొప్పి రాకుండా ఆపే మందులు వేరే ఉన్నాయి, ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్ లాంటివి. ఆస్తమా ఉన్నవాళ్లకు మొదటిది పనికిరాదు కాబట్టి అదీ సొంతంగా కొనకండి. క్యాలెండర్‌లో తలనొప్పి వచ్చిన రోజుకు ఒక గుర్తు, మాత్ర వేసుకున్న రోజుకు ఇంకో గుర్తు పెట్టండి. నెల తర్వాత ఆ కాగితం చూస్తే డాక్టరుకు సగం పని అయిపోతుంది. టిఫిన్ ఎగ్గొట్టకండి.

ఇక మీ అసలు ప్రశ్న. రాలిన వెంట్రుక చివర చూడండి. తెల్లని చిన్న గింజలాంటి కుదురుతో ఊడితే కారణం ఒంట్లో ఉంది, నీళ్లలో కాదు. కుదురు లేకుండా పొట్టి ముక్కలుగా తెగితే ఉప్పునీటి పాత్ర ఉన్నట్టే, అలాంటి నీరు వెంట్రుకను పొడిబార్చి పెళుసు చేస్తుంది. రోజుకు వంద దాకా రాలడం మామూలే. షవర్ ఫిల్టర్లు ఎక్కువగా క్లోరిన్, మట్టి తగ్గించడానికి చేసినవి. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం తీయాలంటే ఉప్పుతో రీఛార్జ్ చేసే సాఫ్టనర్ కావాలి, అది హాస్టల్ వాళ్లు ట్యాంకు దగ్గర పెట్టించాల్సింది. అప్పటిదాకా తలస్నానం చివర రెండు మగ్గులు క్యాన్ నీళ్లతో కడుక్కుని, చివర్లకు కండిషనర్ రాయండి. ఘాటు లేని ఏ షాంపూ అయినా చాలు, నూనె మీకు అలవాటైనదే వాడండి. ఇందుకోసం హాస్టల్ మారాల్సిన పని లేదు. ఇప్పుడు రాలుతున్న జుట్టుకు కారణం రెండు మూడు నెలల కిందటిది. లోటు సరిచేశాక కూడా తేడా కనిపించడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, మధ్యలో కంగారుపడి కొత్త సీరమ్‌లు కొనకండి.

మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం లేదా కాఫీ పొడి రంగు కనిపించినా, నిలబడగానే కళ్లు తిరిగి పడిపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఎప్పుడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా, జ్వరంతో మెడ పట్టేసినా, చూపు మసకబారినా, చెయ్యో కాలో బలహీనమైనా, ఫిట్స్ వచ్చినా అంతే. సీబీసీలో హిమోగ్లోబిన్ 8 కంటే తక్కువ వస్తే మాకు మళ్లీ రాసి జవాబు కోసం ఎదురుచూడకండి. మీరు వాడే అన్ని మాత్రల ఫొటోలు, ఆ రిపోర్టు పట్టుకుని మరుసటి రోజు ఉదయమే జనరల్ మెడిసిన్ ఓపీలో చూపించండి.