బడి ల్యాప్‌టాప్ ఇంటికొచ్చిన రోజు

"అక్కా, మా వాడికి బడిలో ల్యాప్‌టాప్ ఇచ్చారు. దానికేదో ఫిల్టరట, రెండు రోజుల్లో దాటేశాడు!" అని మొన్న ఒక తమ్ముడు ఫోనులో మురిసిపోయాడు. వాళ్లు హైదరాబాదు నుంచి న్యూజెర్సీ వచ్చి నెల కూడా కాలేదు. అబ్బాయిది ఏడో తరగతి. "బడి మొదలైనప్పుడు ఏవో ఫారాల మీద సంతకం పెట్టారు కదా, చదివారా?" అని అడిగాను. "పదిహేను వచ్చాయక్కా. అన్నిటికీ వరసగా పెట్టేశాను" అన్నాడు.

ఇరవై రెండేళ్ల క్రితం నేనూ అంతే. మన దగ్గర బడి కాగితం మీద సంతకమంటే ప్రోగ్రెస్ కార్డు మీద పెట్టేదే కాబట్టి చదవాలనే తలపు రాదు. ఆ పదిహేనులో ఒకటి 'యాక్సెప్టబుల్ యూజ్ పాలసీ'. కంప్యూటరునూ, బడి నెట్‌వర్కునూ, బడి ఇచ్చిన ఖాతానూ ఎలా వాడాలో, అలా వాడకపోతే ఏం చేస్తారో అందులో ఉంటుంది. ఇతరుల పాస్‌వర్డు వాడకూడదు, అనుమతి లేని ప్రోగ్రాములు పెట్టకూడదు, ఫిల్టరు తప్పించకూడదు, ఇతరులను వేధించకూడదు. ఇంచుమించు అన్ని చోట్లా ఇవే. అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం మాత్రం ఒకటుంది: ఈ యంత్రంలో చేసే పనిని బడి చూడవచ్చు. మీ సంతకం దాని కిందే ఉంది.

కొన్ని సైట్లు తెరుచుకోకుండా ఆపే ఈ ఫిల్టరు సంగతి చెప్తాను. అది ప్రిన్సిపాల్ చాదస్తం కాదు. 2000లో ఇక్కడ పిల్లల ఇంటర్నెట్ రక్షణ చట్టం వచ్చింది. ఈ-రేట్ పేరుతో ఇంటర్నెట్ ఖర్చులో కేంద్ర ప్రభుత్వ రాయితీ తీసుకునే బడులు పిల్లలకు అశ్లీల దృశ్యాలు కనిపించకుండా అడ్డు పెట్టాలి, వాళ్ల వాడకంపై ఓ కన్నేసి ఉంచాలి. కాబట్టి ఏ సైటు చూస్తున్నామో ఫిల్టరుకు తెలియకుండా దాచే వీపీఎన్‌తోనో ప్రాక్సీ సైటుతోనో దాన్ని దాటిన పిల్లవాణ్ణి బడి తెలివైనవాడని మెచ్చుకోదు. పైగా ఆ ఉచిత వీపీఎన్‌లు ఎవరు నడుపుతున్నారో, మన పిల్లవాడి పాస్‌వర్డులు ఎక్కడికి పోతున్నాయో ఎవరికి తెలుసు? పాఠానికి కావలసిన సైటే మూసి ఉంటే టీచరుకు చెప్తే చాలు, చాలాసార్లు తెరుస్తారు. మీ వాడికి నిజంగా కంప్యూటర్ల గుట్టు తెలుసుకునే ఆసక్తి ఉంటే ఇంట్లో ఒక పాత కంప్యూటరు ఇచ్చి విప్పుకోమనండి.

కొత్తవాళ్లకు ఊహకు అందనిది ఇంకొకటుంది. బడి ఖాతాతో ఇంట్లోని సొంత కంప్యూటరులో క్రోమ్ తెరిచినా, చాలా చోట్ల బడి పెట్టిన నిబంధనలు, నిఘా ఆ బ్రౌజరులోకి వచ్చేస్తాయి. ఆ కిటికీలోనే మీరు బ్యాంకు ఖాతా తెరిచారనుకోండి, ఇండియాకు డబ్బు పంపారనుకోండి, లేనిపోని తలనొప్పి. బ్రౌజరులో పిల్లలకు వేరే ప్రొఫైల్ పెట్టండి. బడి ల్యాప్‌టాప్‌లో మీ జీమెయిలు అసలే తెరవకండి. మా ఇంట్లో ఒకసారి అత్తగారు మనవరాలికి బడి ఇచ్చిన క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్‌లో తెలుగు సీరియల్ చూద్దామని కూర్చుని, వరసగా వచ్చే 'నిషిద్ధం' పేజీలను చూసి, "ఏం చదువులమ్మా, ఒక్కటీ చూడనివ్వరు" అని విసుక్కున్నారు.

ఇక నన్ను నిజంగా కంగారుపెట్టిన విషయం. మనం కోపంలోనూ ముద్దులోనూ "చంపేస్తాను" అంటాం. "నా చాక్లెట్ ముట్టుకుంటే చంపేస్తా" అని మా అమ్మాయి చిన్నప్పటి నుంచి వింటూ పెరిగింది. ఆరో తరగతిలో స్నేహితురాలితో కలిసి రాస్తున్న పాఠం ఫైలులో, పక్కన వ్యాఖ్య రాసే చోట, అదే మాటను ఇంగ్లీషులో టైపు చేసింది. పక్కన నవ్వు బొమ్మ కూడా పెట్టింది. ఇలాంటి మాటలను ఏరే సాఫ్ట్‌వేరు చాలా బడుల్లో ఉంటుంది. దానికి నవ్వు బొమ్మ అర్థం కాదు. మధ్యాహ్నానికి కౌన్సిలర్ నుంచి ఫోను వచ్చింది. నేను వెళ్లి మన భాషలో ఆ మాటకున్న మెత్తదనాన్ని పావుగంట వివరించాను. ఆమె ఓపికగా విన్నారు, నమ్మారు కూడా. కానీ బడుల్లో తుపాకీ కాల్పులు చూసిన దేశం ఇది. ఇక్కడ ఆ మాటను తేలిగ్గా వదిలేయమనలేం. చంపడం, పేల్చడం, బాంబు వంటివి టైపు చేయవద్దని వచ్చిన వారంలోనే పిల్లలకు చెప్పండి. కారణంతో సహా చెప్పండి, లేకపోతే నవ్వేసి ఊరుకుంటారు.

పాస్‌వర్డు కూడా అంతే. పెన్సిలు పంచుకున్నట్టు పంచుకోవడం మన పిల్లలకు మంచితనం. స్నేహితుడు ఆ ఖాతా నుంచి ఇంకొకరికి పిచ్చి రాత పంపితే, మొదట పిలిచేది ఖాతా ఎవరిదో వాళ్లనే.

తప్పే జరిగిందనుకోండి. తల వంచుకుని అన్నిటికీ సరే అనక్కరలేదు, గొడవకూ దిగక్కరలేదు. ప్రభుత్వ బడి పిల్లవాణ్ణి కొద్ది రోజులకు సస్పెండ్ చేయాలన్నా, ఆరోపణ ఏమిటో చెప్పి అతని మాట వినాలని 1975లోనే సుప్రీంకోర్టు గాస్ వర్సెస్ లోపెజ్ కేసులో తేల్చింది. పిల్లల బడి రికార్డు చూసే హక్కు 1974 నాటి ఫెర్పా చట్టం తల్లిదండ్రులకు ఇచ్చింది. అడిగిన 45 రోజుల్లోగా చూపాలి. బడి వేసే శిక్ష దానంతట అదే వీసాకు ముప్పు కాదు. పోలీసుల దాకా వెళ్తే మాత్రం బంధువుల సలహాలు పక్కనపెట్టి న్యాయవాదిని కలవండి.

బాధ్యత ఒకవైపే ఉండదు. పెన్సిల్వేనియాలోని లోయర్ మెరియన్‌లో బడి ఇచ్చిన ల్యాప్‌టాప్‌ల కెమెరాలు పిల్లల ఇళ్లలో ఉండగానే, బడివాళ్లు దూరం నుంచి నడపగా, ఫొటోలు తీశాయి. పోయిన యంత్రాలను వెతకడానికి పెట్టిన ఏర్పాటు అది. 2010లో కోర్టుకెక్కిన ఆ వ్యవహారాన్ని అక్కడి బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ 6,10,000 డాలర్లకు రాజీ చేసుకుంది. అప్పటి నుంచి మా ఇంట్లో కెమెరా మీద చిన్న కాగితం ముక్క అంటించి ఉంటుంది. ఏ బడీ వద్దనలేదు.

ఎంఎస్‌కు వచ్చిన పెద్ద పిల్లలకు ఒక్క మాట. విడుదలైన వారానికే కొత్త తెలుగు సినిమాను క్యాంపస్ వైఫైలో టొరెంటుతో దింపుకోకండి. సినిమా హక్కులున్నవాళ్ల నోటీసు విశ్వవిద్యాలయానికి వస్తుంది, మీరు లాగిన్ అయిన నెట్‌వర్కు కనుక మీ దాకా రావడానికి ఎంతోసేపు పట్టదు. నూటయాభై రూపాయల టికెట్టు సినిమా కోసం డీన్ ఆఫీసు మెట్లెక్కడం ఏం శోభ?

మర్నాడు ఆ తమ్ముడు మళ్లీ ఫోను చేశాడు. ఫారం వెతికి మొత్తం చదివాడట. అబ్బాయి తనే వెళ్లి టీచరుకు జరిగింది చెప్పాడట, ఆవిడ వారం పాటు ల్యాప్‌టాప్ బడిలోనే ఉంచమన్నారట. "ఛార్జరు పోతే మనమే కట్టాలని కూడా రాశారక్కా" అన్నాడు. ఇంట్లో వెతుకుతున్న చప్పుడు ఫోనులో నాకు వినిపిస్తూనే ఉంది.