సినిమాలు, సీరియళ్ల మీద కాలేజీలో వ్యాసాలు రాయడం కూడా చదువేనా? అలా విశ్లేషిస్తూ పోతే చూసే ఆనందం పోదా?

చదువే. ఆనందం కూడా ఎక్కడికీ పోదు.

ఈ రెండు ముక్కలతో జవాబు అయిపోవాలి గానీ, ఈ ప్రశ్న వెనకుండే చిన్నచూపు నాకు బాగా పరిచయం. డిగ్రీలో మాకు పాపులర్ కల్చర్ మీద ఒక పేపర్ ఉంది. అది తీసుకున్నానని చెప్పిన దగ్గర్నుంచి బంధువులు, సీనియర్లు, పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లు అందరిదీ ఒకటే మాట: "సీరియల్ చూసినందుకు మార్కులా?" అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

రోలా బార్త్ అనే ఫ్రెంచ్ రచయిత 1950ల్లోనే కుస్తీ పోటీల మీద, సబ్బు పొడి ప్రకటనల మీద పత్రికలో వ్యాసాలు రాశాడు. అవి 1957లో 'మిథాలజీస్' పేరుతో పుస్తకంగా వచ్చాయి. ప్రకటనల్లో నురగను అంత ఘనంగా ఎందుకు చూపిస్తారు, ఆ నురగ పేరుతో జనానికి అమ్ముతున్నదేమిటి అని ఆయన పట్టించుకుని ఆలోచించాడు. 1964లో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ హాగార్ట్ ఇలాంటి పనికే ఒక అధ్యయన కేంద్రం పెట్టాడు. ఆ తర్వాత దాన్ని స్టువర్ట్ హాల్ నడిపాడు. కాబట్టి ఇది మా కాలేజీ వాళ్లు నిన్న మొన్న కనిపెట్టిన తేలిక పేపరేం కాదు. కోట్లమంది రోజూ చూసేదాన్ని చదవక్కర్లేదు, కొద్దిమందికే అందేదాన్ని మాత్రం చదవాలి అనే వాదన నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

అసలు ఇబ్బంది మనం రాసే తీరులో ఉంది. మా క్లాసులో వచ్చే వ్యాసాలు తీసి చూడండి. "ఈ చిత్రం సమాజానికి అద్దం పట్టింది", "నటీనటులు తమ పాత్రలకు న్యాయం చేశారు", "నేపథ్య సంగీతం ప్రాణం పోసింది", "యువతకు చక్కని సందేశం ఉంది". ఈ నాలుగు వాక్యాలు ఏ సినిమాకైనా సరిపోతాయి. ఏ సినిమాకైనా సరిపోయే వాక్యం ఏ సినిమా గురించీ చెప్పనట్టే. ఇంకో రకం వాళ్లు ఉంటారు. మొదటి పేరాలోనే ముగ్గురు విదేశీ మేధావుల పేర్లు వేసి, చివరిదాకా సినిమాలో ఒక్క సీను కూడా చూపించరు. వాళ్లకే ఎక్కువ మార్కులు పడుతుంటాయి, అది నాకు నిజంగా బాధ.

నా దృష్టిలో చేయాల్సింది ఒకటే. చిన్న ముక్క తీసుకోవాలి, దాన్ని విసుగొచ్చేదాకా చూడాలి, అది ఎవరి కోసం తీశారో వాళ్ల పక్కన కూర్చుని చూడాలి. తీర్పు ఆ తర్వాత.

మాకిచ్చిన అసైన్‌మెంట్ ఇది: మీ ఇంట్లో రోజూ చూసేది ఏదైనా ఎంచుకుని వ్యాసం రాయండి. దాదాపు అందరూ హిట్ సినిమాలు, వెబ్ సిరీస్‌లు తీసుకున్నారు. నేను అమ్మ చూసే డైలీ సీరియల్ తీసుకున్నాను. దాని పేరు అనవసరం, ఏ సీరియల్‌కైనా వర్తించే సంగతే చెప్పబోతున్నాను.

ఆ రోజు ఎపిసోడ్‌లో పెద్ద కోడలు దాచిపెట్టిన ఉత్తరం మామగారి చేతికి చిక్కింది. ఆయన హాల్లో నిలబడి, "ఇది నీ రాతే కదా?" అన్నాడు. అంతే, ఢామ్మని శబ్దం. కెమెరా ఒక్కసారిగా కోడలి ముఖం మీదికి దూసుకెళ్లింది. తర్వాత అత్తగారు, ఆడపడుచు, మరిది, గుమ్మం దగ్గర నిలబడ్డ పనమ్మాయి. ఒక్కో ముఖానికి ఒక్కో ఢాం. అందరూ అయ్యాక మళ్లీ కోడలి దగ్గర మొదలుపెట్టి ఇంకో చుట్టు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాకముందే ప్రకటనలు వచ్చేశాయి.

అమ్మ అప్పుడు మంచం మీద ఆరిన బట్టలు మడతపెడుతోంది. వీపు టీవీ వైపు. "ఇది నీ రాతే కదా" అన్న మాట వింది గానీ తిరగలేదు. ఢామ్మన్నాక తల తిప్పింది. అప్పటికి తెర మీద ఆడపడుచు ఉంది. రెండో చుట్టులో కోడలి ముఖం వచ్చేదాకా చూసి, "దొరికిపోయింది పాపం" అని మళ్లీ దుప్పటి అంచులు కలపడంలో పడింది.

నేను పక్కన కూర్చుని రాసుకుంటున్నాను. "ఏంటే ఆ రాతలు? కథంతా ఎక్కిస్తున్నావా?" అంది.

"కథ కాదమ్మా, నువ్వెప్పుడు తల తిప్పుతున్నావో రాస్తున్నా."

"నా మీదా పరీక్ష?" అంది. నవ్వింది గానీ ఆ తర్వాత కాసేపు కావాలని టీవీ వైపే కూర్చుంది. ఎక్కువసేపు కుదర్లేదు. తమ్ముడు లోపల్నుంచి ఛార్జర్ ఎక్కడుందని కేకేశాడు.

రాత్రి అదే ఎపిసోడ్‌ని ఫోన్‌లో పెట్టుకున్నాను. ముందు సౌండ్ తీసేసి చూశాను. ముఖాలు కనిపిస్తున్నాయి, ఎవరో కంగారు పడుతున్నారని తెలుస్తోంది, ఎందుకో తెలియట్లేదు. తర్వాత ఫోన్ బోర్లా పెట్టి విన్నాను. కథ మొత్తం తెలిసిపోయింది. ఎవరు గదిలోకి వచ్చారో పిలిచే పిలుపును బట్టి తెలుస్తోంది. ప్రతి పాత్ర ఎదుటివాళ్లను "వదినా", "మామయ్యగారూ" అని వరస పెట్టి పిలిచాకే మాట మొదలుపెడుతోంది. మనసులో అనుకునే మాటలు కూడా పైకే వినిపిస్తాయి కదా, అదీ కలిసొచ్చింది. విలన్‌కు ఒక ట్యూన్, కోడలికి ఒక ట్యూన్. నిన్న జరిగింది ఎవరో ఒకరు మళ్లీ నోటితో చెబుతారు.

అంటే ఇది చెవి కోసం తయారైన కథ. బొమ్మ దానికి తోడు. పుట్టుక చూస్తే ఆశ్చర్యం లేదు. ఈ రోజువారీ ధారావాహికలు మొదలైంది రేడియోలోనే. 1930లో షికాగో రేడియో కోసం అర్నా ఫిలిప్స్ అనే ఆవిడ రాసిన 'పెయింటెడ్ డ్రీమ్స్' ఈ కోవలో తొలి వాటిలో ఒకటి. ఆవిడే సృష్టించిన 'గైడింగ్ లైట్' 1937లో రేడియోలో మొదలై, 1952లో టీవీకి మారి, 2009 దాకా నడిచింది. శ్రోతలు ఎక్కువగా ఇంటి పనుల్లో ఉండే ఆడవాళ్లు. సబ్బుల కంపెనీలు డబ్బు పెట్టేవి, సోప్ ఒపేరా అన్న పేరు అక్కడిదే. తెర వచ్చింది, రంగులు వచ్చాయి, చెవిని నమ్ముకునే అలవాటు మాత్రం పోలేదు.

ఇదంతా నా నోట్స్‌లో రాసుకున్నాక లైబ్రరీలో టానియా మాడ్లెస్కీ అనే పరిశోధకురాలి పుస్తకం దొరికింది. 1982లో వచ్చింది. ఇంటి పని అంటేనే అడుగడుగునా ఆటంకాలు, సోప్ ఒపేరా నడక కూడా ఆ ఆటంకాలకు తగ్గట్టే ఉంటుంది అని ఆవిడ వాదన. అదే ఏడాది జాన్ ఎలిస్ అనే టీవీ, సినిమా పరిశోధకుడు ఇంకో మాట రాశాడు: సినిమా హాల్లో మనం కళ్లప్పగించి చూస్తాం, ఇంట్లో టీవీని ఓరచూపుతో చూస్తాం, అందుకే టీవీలో శబ్దానికి అంత పని. చదువుతుంటే నాకు మంచం మీది దుప్పట్లే కళ్లముందు మెదిలాయి. థియరీ అనేది ఇలా చేతికి రావాలి. ముందు మన కళ్లతో చూసింది ఉండాలి, దానికి పేరు వెతుక్కుంటూ పుస్తకం దగ్గరికి పోవాలి. ముందే పేర్లు బట్టీపట్టి వాటికి సరిపడే సీన్లు ఏరుకుంటే వ్యాసంలో జీవం ఉండదు.

"సీరియల్‌లో ఒక్క చెంపదెబ్బను పావుగంట చూపిస్తారు" అని మీమ్స్ వేసేవాళ్లంతా ఒకటి గమనించాలి. ఆ సాగదీత కూర్చుని చూసేవాళ్లకు సాగదీత. కూర్చునే వీల్లేని మనిషికి అది వెసులుబాటు. లేచి వెళ్లి పని చూసుకుని తిరిగొచ్చినా కథ అక్కడే ఉంటుంది. రోజూ ఎపిసోడ్ నింపాలి, ఖర్చు తగ్గాలి అన్న లెక్క కూడా ఉంటుంది, కాదనను. కానీ ఆ లెక్క కుదిరింది చూసేవాళ్ల జీవితం అలా ఉండబట్టే.

జానిస్ రాడ్వే అనే పరిశోధకురాలు 1984లో ఒక పుస్తకం వేసింది. రొమాన్స్ నవలలు చదివే అమెరికన్ గృహిణులను నేరుగా అడిగింది, ఇవి ఎందుకు చదువుతారు అని. కథ సంగతి అలా ఉంచి, చదువుతున్నంతసేపు అది తమ సొంత సమయమని, ఇంటిల్లిపాదీ చాకిరీ నుంచి తమకు దొరికే విరామమని వాళ్లు చెప్పారు. పుస్తకం అడ్డుపెట్టుకుంటే కాసేపు ఎవరికీ అందుబాటులో లేనట్టు. ఇది చదివాక నాకు చాలాసేపు కోపంగా అనిపించింది. పుస్తకానికి చూపు మొత్తం ఇవ్వాలి. సీరియల్‌కు చెవి ఇస్తే చాలు, చేతులు ఖాళీగా లేకపోయినా పర్లేదు. మా అమ్మకు మిగిలింది చెవి మాత్రమే అన్నమాట. ఇదే నా వ్యాసంలో అసలు పాయింట్. సీరియల్ మంచిదా చెడ్డదా అనేదానికంటే ఇది చాలా పెద్ద విషయమని నా నమ్మకం.

వ్యాసం తిరిగొచ్చినప్పుడు పక్కన ఎర్ర ఇంకుతో ఒక ప్రశ్న: "ఇందులో సీరియల్ సందేశం గురించి లేదేం?" సందేశం, సందేశం, సందేశం! సీరియళ్లు ఆడవాళ్లను విలన్లుగా చూపిస్తున్నాయి, మూఢనమ్మకాలు పెంచుతున్నాయి అని రాసి ఉంటే మంచి మార్కులు పడేవి. అవి అబద్ధాలని నేననను. కానీ అది సీరియల్ చూడకుండా కూడా రాసేయొచ్చు.

పైగా చూసేవాళ్లు చెప్పిందల్లా మింగుతారన్నది ఎక్కడి లెక్క? స్టువర్ట్ హాల్ 1973లోనే రాశాడు: తయారుచేసినవాళ్లు ఒక అర్థం పెట్టి పంపుతారు, అందుకునేవాళ్లు దాన్ని ఒప్పుకోవచ్చు, కొంత ఒప్పుకుని కొంత బేరమాడొచ్చు, పూర్తిగా ఎదురు తిరగొచ్చు. ఆ ఉత్తరం ఎపిసోడ్ అయ్యాక అమ్మా పిన్నీ ఫోన్‌లో మాట్లాడుకున్నది నేను విన్నాను. "దాచకపోతే ఏం చేస్తుంది మరి? చెబితే వినేవాళ్లెవరు ఆ ఇంట్లో?" అని అమ్మ. సీరియల్ ఆ కోడలిని తప్పుచేసినట్టు నిలబెట్టింది, అమ్మ ఆ ఇంటిల్లిపాదినీ నిలబెట్టి అడిగింది. ఇంత విశ్లేషణ రోజూ ఫోన్లలో జరుగుతోంది, మనం కాలేజీలో దానికి పేపర్ కోడ్ ఇచ్చి చదువుతున్నాం.

ఇక ఆనందం పోవడం గురించి. స్టార్ రేటింగులతో ఆనందం పోతుంది. హాల్లోంచి బయటికి రాగానే "అయిదుకి ఎంత?" అని మైకు పెడతారు చూడండి, అక్కడ పోతుంది. అభిమానులు కలెక్షన్ల పోస్టర్లు పట్టుకుని కొట్టుకుంటారే, అక్కడ పోతుంది. "లాజిక్ లేదు" అని ప్రతి సీన్‌కీ అడ్డుపడే స్నేహితుడు పక్కన కూర్చుంటే తప్పకుండా పోతుంది. నిదానంగా చూస్తే మాత్రం పెరుగుతుంది. నాకు ఇప్పుడు ఢామ్మన్నప్పుడల్లా ఎవరెవరు ఏ పని ఆపి తల తిప్పి ఉంటారో అన్న ఊహ వస్తుంది. అమ్మతో కలిసి చూడటం ఇంతకుముందుకంటే బాగుంది. తను కూడా "ఇదిగో, ఇప్పుడు మూడు చుట్లు తిప్పుతాడు చూడు" అని ముందే చెబుతోంది.

మీరు ఇలాంటి పేపర్ తీసుకోబోతుంటే నా మాట వినండి. మొత్తం సినిమా మీద రాయకండి, ఒక్క సీను తీసుకోండి. మొదటి పేజీలో అభిప్రాయం ఒక్కటి కూడా పెట్టకుండా కనిపించింది, వినిపించింది మాత్రమే రాయండి. "బాగుంది", "అద్భుతం", "హత్తుకుంది" లాంటివి వస్తే కొట్టేసి, ఏం జరిగితే అలా అనిపించిందో రాయండి. ఒకసారి సౌండ్ తీసేసి, ఒకసారి బొమ్మ తీసేసి చూడండి. యూట్యూబ్‌లో వేరేవాళ్ల విశ్లేషణ మీ డ్రాఫ్ట్ అయ్యేదాకా తెరవకండి, తెరిస్తే ఇక మీకు వాళ్లకు కనిపించిందే కనిపిస్తుంది.

ఈ సెమిస్టర్‌లో నేను రీల్స్ మీద రాస్తున్నాను. అక్కడ కథ తలకిందులైంది. చాలామంది బస్సులోనో క్లాసు వెనక బెంచీలోనో సౌండ్ లేకుండా చూస్తారు, అందుకే మాటలన్నీ పెద్ద అక్షరాల్లో తెర మీదికి వచ్చేశాయి. మొదటి క్షణాల్లోనే ముఖం దగ్గరగా రావాలి, లేకపోతే వేలు పైకి తోసేస్తుంది. సీరియల్ మనిషి తిరిగొచ్చేదాకా ఆగుతుంది, రీల్ ఎవరి కోసమూ ఆగదు. అమ్మ ఈ మధ్య రెండూ చూస్తోంది. రీల్స్ ఏ సమయంలో చూస్తోందో, అప్పుడు చేతులు ఏం చేస్తున్నాయో ప్రస్తుతం నోట్ చేసుకుంటున్నాను. మీ ఇంట్లో ఎలా ఉందో కామెంట్లలో రాస్తే నాకు చాలా పనికొస్తుంది.