ప్యాక్ వేసుకున్నా రోమింగ్ బిల్లు వాచిపోయింది, కట్టక తప్పదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఐదు రోజుల విదేశీ ప్రయాణానికి ముందే రోమింగ్ ప్యాక్ తీసుకున్నారు. అక్కడ ఎక్కువగా హోటల్ వైఫైతోనే గడిపారు. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు మధ్యలో ఇంకో దేశంలో విమానం మారారు. తిరిగొచ్చిన వారానికి మామూలు నెలకు తొమ్మిది రెట్లు పోస్ట్‌పెయిడ్ బిల్లు వచ్చింది. "నేనేమీ వాడలేదు" అంటే, "సిస్టమ్‌లో వాడినట్టే ఉంది" అని కస్టమర్ కేర్‌వాళ్లు అంటున్నారు. కట్టాలా, పోట్లాడాలా?

రెండూ చేయాలి. బిల్లులో మీకు అభ్యంతరం లేని భాగం, అంటే నెలవారీ అద్దె, ప్యాక్ ధర లాంటివి, గడువులోపు కట్టేయండి. మొత్తం ఆపేస్తే ఆలస్య రుసుము పడుతుంది, కనెక్షన్ కూడా తీసేయవచ్చు, అప్పుడు అసలు గొడవ పక్కకు పోయి కొత్త గొడవ మొదలవుతుంది. మిగతా మొత్తం మీద అభ్యంతరం ఉందని ఈమెయిల్‌లోనో యాప్‌లోనో రాతపూర్వకంగా తెలిపి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. బిల్లు మీ బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు ఉంటే దాన్ని ఈ రోజే ఆపండి. డబ్బు ఒకసారి వెళ్లిపోయాక వెనక్కి రాబట్టడం, వెళ్లకుండా ఆపడం కంటే చాలా కష్టం.

ఇక "నేనేమీ వాడలేదు" అన్న మాటను దయచేసి పక్కన పెట్టండి. అది నిజమే కావచ్చు. కాని దానితో వాదన గెలవలేరు. నేను సరిగ్గా ఆ మాటతోనే రెండు వారాలు వృథా చేసుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

మూడేళ్ల క్రితం రాత్రంతా సాగే ఓడ ప్రయాణం ఒకటి చేశాను. ఎక్కే ముందు రేవులో నా ప్యాక్ చక్కగా పనిచేసింది, అందుకే డేటా రోమింగ్ ఆన్‌లోనే ఉంచాను. క్యాబిన్‌లో పడక పక్కనున్న చిన్న అరలో ఫోను ఛార్జింగ్‌కు పెట్టి పడుకున్నాను. తీరం దగ్గరున్నంతసేపు నేలమీది టవర్లు అందాయి. ఓడ దూరం వెళ్లాక ఆ సిగ్నల్ పోయింది. ఫోను ఊరుకోదు కదా, వెతికి వెతికి ఓడలోనే అమర్చిన నెట్‌వర్క్‌ను పట్టుకుంది. అక్కడి నుంచి డేటా ఉపగ్రహం మీదుగా వెళ్తుంది. సాధారణంగా దేశాల పేర్లతో అమ్మే ప్యాక్‌లలో ఆ నెట్‌వర్క్ ఉండదు, ఎందుకంటే అది ఏ దేశానిదీ కాదు. ప్రతి దేశానికీ ఉండే మొబైల్ కోడ్ బదులు వాటికి 901 అనే అంతర్జాతీయ కోడ్ ఉంటుంది. ధర మాత్రం ఉపగ్రహమంత ఎత్తున ఉంటుంది.

ఆ పగలు నేను రెండు వందలకు పైగా ఫొటోలు, నాలుగైదు వీడియోలు తీశాను. ఇంటి దగ్గర డేటాకు కొదవ లేదన్న ధీమాతో ఎప్పుడో "మొబైల్ డేటాతోనూ బ్యాకప్ చేయి" అన్న సెట్టింగ్ ఆన్ చేసి మరిచిపోయాను. నేను నిద్రపోతుంటే ఫోను బుద్ధిగా ఒక్కొక్క ఫొటోనే పైకి ఎక్కించింది. తెల్లవారి రేవు చేరాక ఏడు మెసేజ్‌లు ఒకేసారి వచ్చిపడ్డాయి. మొదటిది ఓడ నెట్‌వర్క్‌కు స్వాగతం. చివరిది నా క్రెడిట్ పరిమితి దాటిపోయిందన్న హెచ్చరిక. రెండూ వచ్చింది 7:10కే.

బిల్లు చూశాక ఫోన్ చేసి, "ఆ సమయంలో నేను నిద్రలో ఉన్నాను" అన్నాను. అవతలి వ్యక్తి మర్యాదగానే, "మీరు నిద్రపోయారు సరే, మీ ఫోను నిద్రపోలేదు కదా" అన్నారు. అప్పుడు కోపం వచ్చింది గాని, ఇప్పుడు తలచుకుంటే ఆ మొత్తం వ్యవహారంలో అంత సూటిగా మాట్లాడింది ఆ మనిషి ఒక్కరే.

కాబట్టి మీరు మొదట అడగాల్సింది దయ కాదు, వివరాల బిల్లు. ప్రతి డేటా సెషన్‌కూ తేదీ, మొదలైన సమయం, నెట్‌వర్క్ పేరు, ఎన్ని ఎంబీలు, ఏ రేటు అన్నవి వరుసగా ఉండే పట్టిక. "రోమింగ్ డేటా" అని ఒకే ముద్దగా ఇచ్చే బిల్లుతో ఏమీ తేలదు. పట్టిక వచ్చాక పక్కన బోర్డింగ్ పాస్‌లు, హోటల్ బుకింగ్ పెట్టుకుని వరుసవరుసా సరిచూడండి.

ఇక్కడ ఒక గుంట ఉంది, నేను అందులో పడ్డాను. నా పట్టికలో ఓడ సెషన్ రాత్రి 8:40కి మొదలైనట్టు ఉంది. ఓడ కదిలింది తొమ్మిదింటికి. ఇంకేముంది, దొరికిపోయారనుకున్నాను. రేవులో ఉన్న ఫోనుకు నడిసముద్రం రేటు ఎలా వేస్తారని పేజీన్నర ఈమెయిల్ రాశాను, టికెట్టు కూడా జతచేశాను. నాలుగు రోజుల తర్వాత జవాబు ఒకే వాక్యంలో వచ్చింది: ఆ సమయం యూటీసీలో ఉంది. యూటీసీ అంటే ప్రపంచంలోని గడియారాలన్నిటికీ ఆధారమైన ప్రామాణిక సమయం. రేవు ఉన్న ప్రాంతం యూటీసీ కంటే మూడు గంటలు ముందు. అంటే అక్కడి గడియారం ప్రకారం రాత్రి 11:40, ఓడ అప్పటికి నడిసముద్రంలోనే ఉంది. బిల్లులో కనిపించే సమయం మీ సొంత దేశానిదా, మీరు వెళ్లిన దేశానిదా, యూటీసీయా అన్నది ముందే అడిగి తెలుసుకోండి. ప్యాక్ గడువు విషయంలోనూ ఇదే తిరకాసు. కొన్ని ప్యాక్‌లు మొదటిసారి వాడిన క్షణం నుంచి 24 గంటల లెక్కన నడుస్తాయి, కొన్ని సొంత దేశపు అర్ధరాత్రికి ముగుస్తాయి. ఐదు రోజుల ప్యాక్ ఐదో రోజు సాయంత్రానికే అయిపోయి ఉండవచ్చు.

మరి నాకు పనికొచ్చింది ఏమిటి? ఆ ఏడు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్. పరిమితి దగ్గరపడితే హెచ్చరిస్తామని, దాటితే డేటా ఆపేస్తామని వాళ్ల నిబంధనల్లోనే రాసి ఉంది. హెచ్చరిక పరిమితి దాటాక, అంతా అయిపోయాక వచ్చింది. డేటా ఆగనే లేదు. అందుకే రెండో ఈమెయిల్‌లో నిద్ర గురించి, ఓడ గురించి ఒక్క మాట రాయలేదు. వాళ్ల నిబంధన ఒక వాక్యం, హెచ్చరిక అందిన సమయం ఒక వాక్యం, పట్టికలో పరిమితి దాటిన వరుస ఏదో ఒక వాక్యం, అక్కడి నుంచి కిందున్న మొత్తం తీసేయమని ఒక వాక్యం. వాడిన మేరకు, పరిమితి వరకు కడతానని కూడా రాశాను. పన్నెండు రోజులకు బిల్లులో సుమారు మూడింట రెండు వంతులు తగ్గించారు.

హెచ్చరిక ఎందుకు ఆలస్యమవుతుందో కూడా చెబుతాను, వాదనలో అక్కరకొస్తుంది. విదేశంలో మీ వాడకాన్ని మొదట నమోదు చేసేది అక్కడి నెట్‌వర్క్. బిల్లుకు పనికొచ్చే లెక్కలను అది మూటకట్టి మీ కంపెనీకి "ట్యాప్" అనే ఫైళ్లుగా పంపుతుంది, అవి చేరడానికి రోజులు పట్టవచ్చు. మోసాలను పసిగట్టడానికి వేరే ఏర్పాటు ఉంది, అందులో వాడకం వివరాలు నాలుగు గంటల్లోపు పంపాలన్నది పద్ధతి. అయినా నాలుగు గంటల్లో ఒక ఫోను ఎంత మింగగలదో చెప్పనక్కర్లేదు. ప్రీపెయిడ్ అయితే బ్యాలెన్స్ అయిపోగానే ఆగుతుంది, పోస్ట్‌పెయిడ్‌కు ఆ గోడ లేదు. యూరోపియన్ యూనియన్‌లోని కంపెనీల ఖాతాదారులకు చట్టమే ఆ గోడ కట్టింది: వేరే పరిమితి ఎంచుకోకపోతే రోమింగ్ డేటా ఖర్చు 50 యూరోల దగ్గర ఆగాలి, 80 శాతం దగ్గర హెచ్చరించాలి. మీ దేశపు టెలికం నియంత్రణ సంస్థ నియమాల్లో ఇలాంటిది ఉందేమో వెతకండి. ఉంటే మీ ఫిర్యాదులో మొదటి వాక్యం అదే కావాలి.

ఇంతకీ మీ బిల్లు. మీరు చెప్పినదాన్ని బట్టి నా అనుమానమంతా విమానం మారిన చోటు మీదే. ప్యాక్ మీరు వెళ్లిన దేశానికి తీసుకున్నారు, మధ్యలో దిగిన దేశం దాని జాబితాలో ఉందా? విమానం నేల తాకగానే అలవాటుగా ఎయిర్‌ప్లేన్ మోడ్ తీసేస్తాం. అప్పటిదాకా ఆగిపోయిన మెయిళ్లు, వాట్సాప్ వీడియోలు, యాప్ అప్‌డేట్లు అన్నీ ఆ పది నిమిషాల్లోనే దిగుతాయి. మనం మాత్రం ఫోను జేబులో పెట్టుకుని తరువాతి గేటు ఎక్కడా అని బోర్డు చూస్తుంటాం. పొరుగు దేశాలన్నీ ఒకే గంపలో ఉంటాయనుకోవడం కూడా పొరపాటే. యూరప్ సంగతే చూడండి: 2017 జూన్ 15 నుంచి యూనియన్ దేశాల మధ్య రోమింగ్ అదనపు ఛార్జీలు తీసేశారు, కాని నడుమనున్న స్విట్జర్లాండ్‌కు ఆ నియమం వర్తించదు. సరిహద్దు దగ్గర ఉంటే ఫోను అవతలి దేశపు టవర్‌ను కూడా పట్టుకోగలదు.

పట్టికలో మీకు తెలియని నెట్‌వర్క్ పేరు కనిపిస్తే విమానం లోపలి నెట్‌వర్క్ కావచ్చు. కొన్ని విమానాల్లో ఓడలోలాగే ఉపగ్రహపు మొబైల్ సేవ ఉంటుంది, ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టడం మరిచిన ఫోను దానికి తగులుకుంటుంది. అదీ కాదు, మీరు వెళ్లిన దేశమే అయినా ప్యాక్ రేటు వేయలేదంటే, ప్యాక్ ఏయే కంపెనీల నెట్‌వర్క్‌ల మీద చెల్లుతుందో చూడండి. కొన్ని ప్యాక్‌లు దేశంలో ఒకటి రెండు నెట్‌వర్క్‌లకే పరిమితం, ఫోను తనంతట తాను మూడోదాన్ని ఎంచుకుని ఉండవచ్చు. ఆ షరతు ప్యాక్ కొన్నప్పుడు మీకు పంపిన మెసేజ్‌లో లేకపోతే, అది మీకు అనుకూలమైన అంశం. మెసేజ్ చెరిపేయకండి.

డేటా కాకుండా కాల్స్ కింద కూడా మొత్తం పడి ఉంటే వాయిస్‌మెయిల్‌ను, అంటే కాల్ ఎత్తకపోతే అవతలివాళ్ల మాటను రికార్డు చేసుకునే సేవను, అనుమానించండి. మీరు ఎత్తని కాల్ విదేశం దాకా వచ్చి, అక్కడి నుంచి మళ్లీ మీ దేశంలోని వాయిస్‌మెయిల్‌కు మళ్లితే రెండు వైపులా ఛార్జీ పడే వీలుంది.

ఈసారి వెళ్లేటప్పుడు ప్యాక్ కంటే ముందు బ్యాకప్ సెట్టింగ్ చూసుకోండి. నేనైతే ఇప్పుడు ప్రయాణాలకు ఈసిమ్ (కార్డు అక్కర్లేకుండా ఫోనులోకే ఎక్కించుకునే సిమ్) తీసుకుంటున్నాను, పాత సిమ్‌ను ఓటీపీల కోసం ఉంచి దానికి డేటా రోమింగ్ ఆపేస్తున్నాను. రెండు సిమ్‌లు ఉన్న ఫోన్లలో, ఒకదాని సిగ్నల్ తగ్గితే డేటాను రెండోదానికి మార్చుకునే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. దాన్ని ఆపకపోతే ఈ జాగ్రత్తంతా దండగే. ఓడ ఎక్కితే ఎయిర్‌ప్లేన్ మోడ్, అంతే, దాని మీద చర్చ లేదు.

పట్టిక రాగానే తేదీల వారీగా ఎంబీలు ఇక్కడ పెట్టండి, నంబరు మాత్రం తీసేసి. విమానం మారిన రోజే పెద్ద మొత్తం ఉంటే ఏ నిబంధన పట్టుకోవాలో చూద్దాం. ఇంకో మాట, తగ్గింపు ఒప్పుకుంటూ వాళ్లు పంపే ఈమెయిల్ జాగ్రత్తగా దాచండి. ఆలస్యంగా చేరిన లెక్కలతో నాకు మరుసటి నెల బిల్లులో అదే రాత్రిది ఇంకో చిన్న మొత్తం పడింది. పాత ఈమెయిల్ జతచేసి పంపాక గాని దాన్ని తీసేయలేదు.