పాము తువ్వాలు మింగితే

చి. రఘుకి,

బాబాయి ఆశీస్సులు.

నీ పెంపుడు పాము, ఆ బాల్ పైథాన్ (చిన్నరకం కొండచిలువ), తువ్వాలు మింగిందన్నావు కదా. అన్నిటికంటే ముందు మాట: లాగకు. తువ్వాలు కొస ఇంకా నోటి బయట కనిపిస్తున్నా పట్టుకుని లాగకు. బాల్ పైథాన్ పళ్ళు సూదుల్లా సన్నగా, గొంతువైపుకి వంగి ఉంటాయి. టర్కీ తువ్వాలు పోగులు వాటికి కొక్కేనికి తగులుకున్నట్టు తగులుకుంటాయి. నువ్వు ఇవతలికి లాగినకొద్దీ పళ్ళు గుడ్డలోకి దిగి విరుగుతాయి, గొంతు లోపలి పొర చీరుకుపోతుంది. గుడ్డ చేసిన నష్టం కంటే ఆ చీరుకున్న గాయమే దానికి ఎక్కువ ప్రమాదం కావచ్చు.

కొస బయటే ఉంటే లైటు ఆర్పి, పాము ఉండే పెట్టె మీద దుప్పటి కప్పి, అరగంట ఆ గదిలోకి ఎవరూ వెళ్ళకండి. కుడి దవడ, ఎడమ దవడ మార్చి మార్చి కదుపుతూ ఎలా మింగిందో అలాగే వెనక్కి వదిలే శక్తి దానికుంది. మనిషి అలికిడి ఉంటే ఆ పని చేయదు. ఊపిరాడదేమోనని కంగారుపడకు. మింగేటప్పుడు శ్వాసనాళం మూతి నోటి అడుగున ముందుకి జరుగుతుంది, అందుకే అంత లావు ఎలుక నోట్లో ఉన్నా గాలి అందుతుంది. కానీ తల పైకెత్తి నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, నురగలో ఎర్రజీర కనబడినా అరగంట కూడా ఆగొద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు.

పూర్తిగా లోపలికి వెళ్ళిపోయిందా, అయితే ఈరోజే సరీసృపాలు చూసే వెట్‌కి, అంటే పశువైద్యుడికి, ఫోన్ చేయి. ఎలుక అరిగిపోతుంది, గుడ్డ అరగదు. కడుపులో ఉన్నంతవరకు నోట్లోంచి ఎండోస్కోపు (కెమెరా ఉన్న సన్నటి గొట్టం) పంపి పట్టుకుని తీసే వీలుంది. పేగుల్లోకి జారితే పొట్ట కోయాల్సిందే. 2020లో సిడ్నీలో మోంటీ అనే మూడు మీటర్ల కార్పెట్ పైథాన్ బీచ్ తువ్వాలు మింగితే డాక్టర్లు మత్తిచ్చి, నోట్లోంచే మొత్తం తువ్వాలు బయటికి తీశారు, కోత లేకుండా. అందుకే "నాలుగు రోజులు చూద్దాం" అన్న మాట ఇక్కడ పనికిరాదు.

మామూలు కుక్కల డాక్టరు దగ్గర ఇది కాకపోవచ్చు. సరీసృపాల వెట్ల సంఘం ఏఆర్ఏవీ వెబ్‌సైట్లో మీ ఊరి దగ్గర ఎవరున్నారో వెతుకు. పాములకు సరిపోయే ఎండోస్కోపు ఉందా అని ఫోన్లోనే అడుగు. వెళ్ళేటప్పుడు అదే జతలోని ఇంకో తువ్వాలు తీసుకెళ్ళు. ఎక్స్‌రేలో గుడ్డ సరిగ్గా కనబడదు, చేతిలో జత ఉంటే ఎంత ఉండ కోసం వెతకాలో వాళ్ళకి తెలుస్తుంది. ఎప్పుడు మింగింది, ఎలుకతో కలిపి మింగిందా, పాము బరువు ఎన్ని గ్రాములు, పెట్టెలో వేడి ఎంత, ఇవి కాగితం మీద రాసిపెట్టుకో.

ఈలోగా తిండి ఆపేయి, నీళ్ళగిన్నె ఉండనీ. వేడి వైపు 88 నుంచి 92 డిగ్రీల ఫారెన్‌హీట్, చల్ల వైపు 76 నుంచి 80, రోజూ ఉండేదే ఉంచు. అరుగుతుందని వేడి పెంచకు. నూనె పోయడం, పొట్ట పిసకడం, తలకిందులుగా వేలాడదీయడం ఎవరు చెప్పినా వినకు. పోసిన నూనె ఊపిరితిత్తిలోకి పోతే న్యుమోనియా వస్తుంది. వెనకవైపు దారప్పోగు బయటికొస్తే దాన్నీ లాగకు, లోపల పేగు దారానికి కుచ్చులు పడి కోసుకుపోతుంది. తడిగుడ్డ ఆనించి అలాగే తీసుకెళ్ళు. దిండు గలీబులో వేసి మూతి ముడేసి, గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, కారులో వేడి 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంచు. ఉబ్బిన చోట వంచకు.

మింగింది గుడ్డ కాక పెట్టెలో కింద పరిచి, ఎలుకకు అంటుకున్న నాలుగు చెక్కపొట్టు పెచ్చులే అయితే ఇంత హడావుడి అక్కర్లేదు, చాలామట్టుకు వాటంతటవే పోతాయి. ఉబ్బు తగ్గకపోయినా, ముక్కుతున్నా చూపించు. థర్మామీటరులోని బటన్ సెల్ (గుండ్రటి చిన్న బ్యాటరీ) మింగితే మాత్రం అర్ధరాత్రయినా బయల్దేరు, అది లోపలి కండను గంటల్లో కాల్చేస్తుంది.

ఆపరేషన్ అయితే కుట్లు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంటాయి, ఒక్కోసారి కుబుసం విడిచేదాకా. అన్నాళ్ళూ కింద ఉత్త కాగితమే పరిచి, నీళ్ళలో నానబెట్టడం మానేయి. మొదటి మేత రెండు వారాల తర్వాత, అదీ డాక్టరు సరేనంటేనే, మామూలు దాంట్లో మూడోవంతు పెట్టు. అది నిలిస్తే మళ్ళీ పది రోజులాగి రెండోది.

ఇక అసలు కారణం వాసనే. మేతకని ఫ్రీజర్లోంచి తీసిన గడ్డకట్టిన ఎలుకను తువ్వాలు మీద పెట్టి కరిగించావు, తువ్వాలుకే ఎలుక వాసన పట్టింది. నాలుక చాచి చూసిన పాముకి రెండూ ఒకటే. మీ టెక్సాస్‌లోనే రాట్ స్నేక్‌లు కోళ్ళగూట్లో పింగాణీ గుడ్లను నిజమైనవనుకుని మింగేస్తాయి. ఇకమీదట ఎలుకను జిప్ కవర్లో వేసి వేడినీళ్ళలో కరిగించి, కాగితంతో తుడిచి ఆ కాగితం పారేయి. పొడుగు పటకారుతో అందించు, మేత వేళ పెట్టెలో ఒక్క గుడ్డపేలిక ఉండకూడదు.

డాక్టరు ఏమన్నాడో రాత్రికి ఫోన్ చేసి చెప్పు.

మీ బాబాయి