సమాధానం: తాతయ్య ముఖం సుద్దముక్కలా ఎందుకొస్తోంది?

చనిపోయి, చేతిలో జపమాలతో శవపెట్టెలో పడుకున్న మీ తాతయ్యను గీస్తుంటే ఒళ్లు సుద్దముక్కలా వస్తోందన్నారు. తెలుపు ఎక్కువైంది, అంతే. ముందు టెర్ వెర్ట్ అనే ఆకుపచ్చ మట్టిరంగు పలచగా వేసి పూర్తిగా ఆరనివ్వండి. దానిపైన పలచటి పొరలుగా ఓకర్ (పసుపు మట్టిరంగు), కాస్త ఎరుపు. పెదవులు, గోళ్ల దగ్గర మాత్రం ఆ ఆకుపచ్చను కప్పేయకండి. జర్మన్ చిత్రకారుడు హోల్బైన్ 1521–22లో వేసిన మృత క్రీస్తు బొమ్మ చూడండి: రెండు మీటర్ల పొడవు, అడుగు ఎత్తు. నోరు తెరిచే ఉంటుంది, ముఖమూ చేతులూ రంగు మారిపోయి ఉంటాయి. దాన్ని చూస్తే నా భక్తి తగ్గలేదు, పైగా పెరిగింది.

చెన్నైలోనే ఉన్నారుగా, నవంబరు 2 సాయంత్రం, క్రైస్తవులు తమవాళ్ల సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండుగకి స్కెచ్‌బుక్‌తో వెళ్లండి (గొడుగు మరవద్దు). కొవ్వొత్తుల వెలుగు కిందినుంచి ముఖాల మీద పడే తీరు ఫోన్ ఫోటోల్లో దొరకదు.